ఆట ఆమెది, పాట ఎవరిది?

మహిళల ప్రీమియర్ లీగ్ వేలం జరిగిన మర్నాడు మన దినపత్రికల క్రీడాపుట తిరగేస్తే నాలుగైదు క్రియాపదాలు పదే పదే ఎదురవుతాయి. ఫలానా జట్టు ఫలానా అమ్మాయిని ‘అట్టిపెట్టుకుంది’, ఇంకొకరిని ‘వదులుకుంది’, మరొకరిని ఇన్ని లక్షలకు ‘దక్కించుకుంది’. ఒకామె ‘అమ్ముడుపోయింది’, ఒకామె ‘అమ్ముడుపోలేదు’. ఈ వాక్యాలన్నిటిలో కర్త జట్టు, అంటే దాని యజమాని. బంతి వేసేది, బ్యాటు పట్టేది ఆమే అయినా ఆమె ఎప్పుడూ కర్మస్థానంలోనే ఉంటుంది. తను ఎక్కడ ఆడాలి, ఎవరి దగ్గర నేర్చుకోవాలి అన్న విషయం వచ్చేసరికి ఆమె కర్తగా ఉన్న వాక్యం ఒక్కటీ దొరకదు. ఈ వ్యాకరణం వెనక ఉన్న ఏర్పాటును చదవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందులో ఆడవాళ్ళకు ప్రత్యేకంగా జరిగిన అవమానం ఏముంది, 2008 నుంచి మగవాళ్ళనూ ఇట్లాగే పాడుకుంటున్నారు కదా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. మాటలు అవే. కానీ అవి వచ్చి వాలే నేల వేరు. తెలుగులో ‘వదిలేసిన మనిషి’ అంటే మగవాడెవరికీ గుర్తురాడు. ‘ఏలుకోవడం’ అనే మాట భార్యను ఉంచుకోవడానికి, రాజ్యాన్ని ఉంచుకోవడానికి ఒకటే. ఆడదాని విషయంలో ‘అమ్ముడుపోయింది’ అన్న మాటకు మన వాడుకలో ఎంత హీనమైన అర్థముందో వేరే చెప్పక్కర్లేదు. ఆటల్లో ఉన్న ఆడమనిషికి మన భాషలో సొంత పేరు కూడా సరిగా లేదు. ‘ఆటగాడు’కి స్త్రీలింగం కడితే వచ్చే ‘ఆటకత్తె’ నిఘంటువుల్లో నర్తకి. భోగం వృత్తి మీద సమాజం వేసిన మచ్చనంతా ఆ మాట మోస్తూ వచ్చింది. అందుకని పత్రికలు సంస్కృతంలోకి పారిపోయి ‘క్రీడాకారిణి’ అని రాస్తున్నాయి. మగవాడికి ఇంటి మాట ఉంది, ఆమెకు అరువు మాట. వేలం భాష మగ ఆటగాడి మీద వ్యాపార పరిభాషగా వాలితే, ఆడ ఆటగాళ్ళ మీద పాత జ్ఞాపకాలతో కలిసి వాలుతుంది.

ఆడపిల్లకు వెలకట్టడం అనగానే సాహిత్య విద్యార్థులకు 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ గుర్తొస్తుంది. అయితే ఆ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. అక్కడ పిల్లకు కట్టిన వెల తండ్రి చేతికి పోతుంది. ఇక్కడ డబ్బు ఆమె సంపాదన, ఆమె శ్రమకు వచ్చిన ప్రతిఫలం. ఈ తేడా చిన్నది కాదు. ఆ తేడాను చూడకుండా ‘ఆడవాళ్ళను సంతలో పెట్టారు’ అని కేకలు వేసేవాళ్ళలో, అసలు ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని మైదానంలోకి రావడమే గిట్టనివాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళతో మనకు పొత్తు లేదు. మన ప్రశ్న వేరు: ధరతో పాటు మాట కూడా ఆమెకు దక్కిందా?

తిరుపతిలో ఉండేవాళ్ళకు వేలం కొత్త కాదు. కొండ మీద భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి రకాలుగా వేరుచేసి వేలం వేస్తుంది. ఎక్కువ ధర పలికేది పొడుగాటి జుట్టు, అంటే దాదాపుగా ఆడవాళ్ళ జుట్టు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె మార్కెట్లో రోజూ టమాటా వేలం పాట జరుగుతుంది. 2023 జూలైలో అక్కడ కిలో దాదాపు 200 రూపాయలు పలికితే రైతు దశ తిరిగిందని అందరూ రాశారు. అదే టమాటాను కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన సంవత్సరాలను ఈ ప్రాంతం ఎన్నో చూసింది. రికార్డు ధర ఒక వార్త. ఆ ధర నిలబడుతుందన్న హామీ, దాన్ని నిర్ణయించడంలో రైతుకు చోటు వేరే సంగతులు. పాట జరుగుతున్నప్పుడు రైతు తన సరుకు పక్కనే నిలబడి ఉంటాడు, పాట మాత్రం వ్యాపారులు పాడతారు. లీగు వేలంలో ఆటగాళ్ళ పరిస్థితి దీనికి చాలా దగ్గరగా ఉంది. ఒక తేడా ఉంది, ఇక్కడ సరుకూ ఆమే, రైతూ ఆమే.

ఇప్పుడు మన రాయలసీమ నుంచే ఒక ఉదాహరణ. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం నుంచి వచ్చిన నల్లపురెడ్డి శ్రీచరణి ఎడమచేతి స్పిన్నర్. 2024 డిసెంబరు వేలంలో 10 లక్షల కనీస ధర దగ్గర మొదలైన ఆమె పాట 55 లక్షల దగ్గర ఆగింది. ఢిల్లీ జట్టు తీసుకుంది. 2025 ఏప్రిల్‌లో భారత జట్టులోకి వచ్చింది. ఆ ఏడాది ప్రపంచ కప్పులో 14 వికెట్లు తీసింది. నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి భారత మహిళలు తొలిసారి కప్పు గెలిచారు. రాష్ట్ర ప్రభుత్వం శ్రీచరణికి రెండున్నర కోట్ల నగదు, కడపలో ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. సీమ పల్లె నుంచి వచ్చిన ఆడపిల్లకు ఇంత గౌరవం దక్కడం చూసి సంతోషించని వాళ్ళెవరు?

కప్పు గెలిచిన నాలుగు రోజులకే లీగు జట్లు ఎవరిని అట్టిపెట్టుకుంటున్నాయో జాబితాలు బయటికొచ్చాయి. ఢిల్లీ జాబితాలో ఐదుగురున్నారు. శ్రీచరణి లేదు. ఆ కప్పులో ‘ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్’గా నిలిచిన దీప్తి శర్మ, యూపీ జట్టుకు ఆ ఏడాది నాయకత్వం వహించిన దీప్తి శర్మ, ఆ జట్టు జాబితాలో లేదు. యూపీ ఒకే ఒక్క అమ్మాయిని ఉంచుకుని మిగతా జట్టు మొత్తాన్ని వదిలేసింది. మూడు వారాల తర్వాత వేలంలో అదే ఢిల్లీ శ్రీచరణిని 1.3 కోట్లకు తిరిగి తీసుకుంది. అదే యూపీ దీప్తిని 3.2 కోట్లకు తిరిగి తీసుకుంది. హైదరాబాదు అమ్మాయి అరుంధతి రెడ్డి 2023లో ఢిల్లీకి 30 లక్షలకు వెళ్ళింది, ఈసారి 75 లక్షలకు బెంగుళూరు జట్టుకు వెళ్ళింది.

చూడబోతే ఇదంతా ఆటగాళ్ళకు లాభంగానే ముగిసింది, ఇక ఫిర్యాదు దేనికి అనిపిస్తుంది. ఆ లాభం ఎట్లా వచ్చిందో గమనించాలి. ఒక్కో జట్టుకు ఉన్న సంచి 15 కోట్లు. ఐదుగురిని అట్టిపెట్టుకుంటే అందులో 9.25 కోట్లు పోతుంది. అందుకని జట్లు లెక్కలు వేసుకుని కొందరిని సంతలోకి వదిలి మళ్ళీ పాడుకున్నాయి. ఆ లెక్క ఈసారి శ్రీచరణి వైపు మొగ్గింది. అదే రోజు ఆస్ట్రేలియా కెప్టెన్ ఎలిసా హీలీ పేరు వస్తే ఎవరూ చెయ్యెత్తలేదు. వేలంలో పేరు ఇవ్వడం, కనీస ధర ఏ మెట్టులో ఉండాలో చెప్పడం, ఆటగాళ్ళ మాట చెల్లేది అంతవరకే. ఏ ఊళ్ళో ఆడాలి, ఏ కోచ్ దగ్గర ఆడాలి, ఏ కెప్టెన్ కింద ఆడాలి అన్నదానికి ఆమె దగ్గర ఎంపిక లేదు. ఆ 15 కోట్ల సంచి సంగతి కూడా ఒకసారి పక్కన పెట్టి చూడండి. 2024 నవంబరులో మగవాళ్ళ వేలంలో ఒక్క రిషభ్ పంత్‌కు పలికిన ధర 27 కోట్లు.

దీని అర్థం ఈ లీగు వద్దని కాదు. 2023లో ఐదు జట్లను బోర్డు 4,669.99 కోట్లకు అమ్మినప్పుడే ఆడవాళ్ళ ఆటను ఎవరూ చూడరన్న వాదం కూలిపోయింది. ఆ మొదటి వేలంలోనే కర్నూలు జిల్లా ఆదోని నుంచి వచ్చిన అంజలి శర్వాణికి 55 లక్షలు, ఆంధ్ర బ్యాటర్ సబ్బినేని మేఘనకు 30 లక్షలు దక్కాయి. విశాఖకు చెందిన స్నేహదీప్తి 2013లో పదహారేళ్ళకే దేశం తరఫున ఆడి తెరమరుగైంది. పదేళ్ళ తర్వాత, తల్లి అయ్యాక, ఆమెకూ 30 లక్షలతో ఢిల్లీ జట్టులో చోటు దొరికింది. ఇంతకుముందు తరానికి ఇవేవీ లేవు. రైల్వేలో ఉద్యోగం వస్తే అదే భాగ్యం. డబ్బు విషయంలో ఏ స్త్రీవాదీ ముక్కు చీదాల్సిన పని లేదు. శ్రమకు ధర పలకాలి. కాకపోతే ఐదు జట్లూ ముంబై, ఢిల్లీ, బెంగుళూరు, గుజరాత్, యూపీ పేర్లతో ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఒక్క జట్టు లేదు. మన అమ్మాయిలు ఎవరు పాడుకుంటే వాళ్ళ ఊరికి వెళ్ళి ఆడతారు. ‘మన చరణి’ అని మనం అనుకోవడం అభిమానం. ఆమె మీద హక్కు కాగితం ఇంకొకరి దగ్గర ఉంటుంది.

వేలం కాకుండా ఇంకో దారి ఉందా అంటే, ఆడవాళ్ళ వృత్తి లీగుల్లో అందరికంటే ఎక్కువ కాలం నిలదొక్కుకున్న వాటిలో ఒకటైన అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగు (డబ్ల్యూఎన్‌బీఏ) వైపు చూడాలి. అది 1997లో మొదలైంది. మరుసటి ఏడాదే, 1998లో, ఆటగాళ్ళు యూనియన్ పెట్టుకున్నారు. అక్కడా కాలేజీ నుంచి వచ్చే పిల్లలను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి, జట్ల మధ్య మార్పిళ్ళు జరుగుతాయి, అమ్మాయి ఇష్టం లేకుండానే ఆమెను వేరే ఊరికి పంపేయగలరు. అయితే కొన్నేళ్ళు ఆడాక, ఒప్పందం ముగిశాక, ఆమె స్వేచ్ఛగా నచ్చిన జట్టుతో బేరం చేసుకోవచ్చు. ఎన్నేళ్ళకు ఆ స్వేచ్ఛ వస్తుంది, జీతం ఎంత, గర్భిణిగా ఉన్నప్పుడు ఏమవుతుంది అన్నవన్నీ యూనియనూ లీగూ కూర్చుని రాసుకున్న ఒప్పందంలో ఉంటాయి. ప్రసూతి సెలవులో పూర్తి జీతం 2020 ఒప్పందంలో ఆ యూనియన్ సాధించింది.

ఇంకో సంగతి మనవాళ్ళు ప్రత్యేకంగా గమనించాలి. 2024 అక్టోబరులో ఆ యూనియన్ గడువుకు ముందే ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. సీనియర్ ఆటగాళ్ళు దాదాపు అందరూ తమ వ్యక్తిగత ఒప్పందాలు 2025తోనే ముగిసేటట్టు ముందుగానే చూసుకున్నారు. కొత్త బేరం కుదిరే సమయానికి ఎవరూ పాత జీతానికి కట్టుబడి ఉండకూడదని వాళ్ళ ఆలోచన. 2025 జూలైలో ఆల్ స్టార్ మ్యాచ్‌కు ముందు ‘మాకు బాకీ పడింది చెల్లించండి’ అని రాసిన చొక్కాలు తొడుక్కుని అందరూ కోర్టులోకి వచ్చారు. ఒకరితో ఒకరు పోటీపడే జట్ల వాళ్ళంతా ఒకే చొక్కాతో నిలబడ్డారు. జట్టు మారడం అనే విషయాన్ని యజమాని చేతిలోని పనిముట్టుగా వదలకుండా తమ పనిముట్టుగా మార్చుకున్నారు.

మన దగ్గర? 2019లో భారత క్రికెటర్ల సంఘం ఏర్పడింది. అందులో సభ్యత్వం రిటైరైన వాళ్ళకే. ఇప్పుడు ఆడుతున్నవాళ్ళకు, ఆడా మగా ఎవరికీ, బోర్డుతో కూర్చుని మాట్లాడే సంఘం లేదు. మగవాళ్ళకు కనీసం కోట్ల ప్రకటనల ఆదాయం, దానితో వచ్చే పలుకుబడి ఉన్నాయి. 10 లక్షల కనీస ధరతో పేరిచ్చి, ఏ జట్టూ తీసుకోక ఇంటికి తిరిగొచ్చిన సీమ అమ్మాయికి ఏ పలుకుబడీ లేదు. ఆమె పేరు పత్రికలో కూడా రాదు. మర్నాటి వార్తల్లో ధరల పట్టిక ఉంటుంది, ఆ పట్టికకు బయట మిగిలిన వాళ్ళ పట్టిక ఉండదు.

అమెరికా లీగును స్వర్గంగా చూపించడం నా ఉద్దేశం కాదు. 2023 జనవరిలో లాస్ వేగాస్ జట్టు డెరికా హ్యాంబీని లాస్ ఏంజెలెస్‌కు మార్చేసింది. అప్పటికి ఆమె గర్భవతి. తను గర్భవతి అయినందుకే పంపేశారని, తనతో అమర్యాదగా మాట్లాడారని ఆమె బహిరంగంగా ఆరోపించింది. లీగు విచారణ జరిపి ఆ జట్టు కోచ్ బెకీ హామన్‌ను రెండు మ్యాచ్‌లకు సస్పెండ్ చేసింది. తను తప్పు చేయలేదని హామన్ ఖండించింది. హామన్ స్త్రీ. స్వయంగా ఈ లీగులో ఎన్నో ఏళ్ళు ఆడిన మనిషి. కోచ్ కుర్చీలో ఆడమనిషి కూర్చుంటే చాలు, అన్నీ సర్దుకుంటాయని నమ్మేవాళ్ళకు ఈ ఉదంతం మింగుడుపడదు. కానీ హ్యాంబీ ఆరోపించగలిగింది, విచారణ జరిగింది, శిక్ష పడింది. ఇవి జరగడానికి ఒక యూనియన్, రాసిపెట్టిన నియమాలు వెనక ఉన్నాయి. మన లీగులో గర్భవతి అయిన ఆటగాళ్ళెవరినైనా ‘వదులుకుంటే’ దానికి పత్రిక పెట్టే శీర్షిక ఏమిటో ఊహించండి. వ్యూహాత్మక మార్పు అంటారు, అంతే.

ఇక కోచ్‌ల సంగతి. 2023లో మన లీగులోని ఐదు జట్లకు ఇద్దరు స్త్రీలు ప్రధాన కోచ్‌లుగా ఉండేవాళ్ళు. ముంబైకి షార్లెట్ ఎడ్వర్డ్స్, గుజరాత్‌కు రేచల్ హేన్స్. 2024లో హేన్స్ స్థానంలో మైకేల్ క్లింగర్ వచ్చాడు. 2025లో ఎడ్వర్డ్స్ ఇంగ్లండు జట్టు బాధ్యత తీసుకుని వెళ్ళాక ముంబైకి లీసా కీట్లీ వచ్చింది. యూపీకి అభిషేక్ నాయర్, బెంగుళూరుకు మలోలన్ రంగరాజన్ వచ్చారు. 2026 సీజనుకు ఐదుగురిలో ఒక్క స్త్రీ. ఆమె కూడా ఆస్ట్రేలియా నుంచి. ఇన్ని మార్పుల్లో ఒక్కసారి కూడా ఒక్క జట్టూ భారతీయ స్త్రీని ప్రధాన కోచ్‌గా పెట్టుకోలేదు. సహాయకులుగా, బౌలింగ్ కోచ్‌లుగా, సలహాదారులుగా ఉన్నారు. ఇల్లు నడిపేది ఆమె, ఇంటి పెద్ద ఆయన అనే పాత ఏర్పాటు ఇక్కడా చక్కగా ఒదిగిపోయింది.

అర్హులు దొరకడం లేదంటారా? నూషిన్ అల్ ఖదీర్ కోచ్‌గా భారత అమ్మాయిలు 2023లోనూ 2025లోనూ అండర్-19 ప్రపంచ కప్పు గెలిచారు. 2025లో ఆ టోర్నమెంటుకే అత్యుత్తమ ఆటగాళ్ళుగా ఎంపికైంది మన భద్రాచలం పిల్ల గొంగడి త్రిష. 2023 జూలైలో సీనియర్ జట్టు బంగ్లాదేశ్ వెళ్ళినప్పుడు నూషినే తాత్కాలికంగా బాధ్యత చూసింది. అనంతపురం జిల్లా పల్లె నుంచి వచ్చిన బారెడ్డి అనూష దేశానికి ఆడింది ఆ పర్యటనలోనే. పర్యటన అయింది, తాత్కాలికం అయింది. పూర్తి బాధ్యత అక్టోబరులో అమోల్ మజుందార్‌కు వెళ్ళింది. అతను కప్పు గెలిపించాడు, ఆ ఘనతను తక్కువ చేయక్కర్లేదు. అండర్-19లో రెండు కప్పులు గెలిపించిన స్త్రీకి ఆ పైమెట్టు ఎందుకు తాత్కాలికంగానే ఉండిపోయిందన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది.

ఈ విషయంలో మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ పూర్ణిమా రావు. హైదరాబాదు నుంచి వచ్చి దేశానికి ఆడి, కెప్టెన్‌గా చేసి, భారత మహిళా జట్టుకు కోచ్ అయిన మనిషి. 2017 ఏప్రిల్‌లో, ప్రపంచ కప్పు ఇంకా దాదాపు రెండు నెలలుందనగా, ఆమెను తప్పించి తుషార్ అరోఠేను పెట్టారు. జూలైలో ఆ జట్టు లార్డ్స్‌లో ఫైనల్ ఆడింది. దేశమంతా మొదటిసారి ఆడవాళ్ళ క్రికెట్టు చూసి ఉప్పొంగింది ఆ రోజే. ఆ రోజుకు జట్టును సిద్ధం చేసినవాళ్ళలో ఒకామె పేరు ఆ ఉత్సవాల్లో ఎక్కడా వినిపించలేదు. ఏడాది తిరిగేసరికి ఆటగాళ్ళతో పొసగక అరోఠే వెళ్ళిపోయాడు. రమేశ్ పొవార్ వచ్చాడు. 2018 డిసెంబరుకు డబ్ల్యూ.వి. రామన్ వచ్చాడు. ఇరవై నెలల్లో నలుగురు కోచ్‌లు. మగవాళ్ళ జట్టుకు ఇట్లా చేయగలరా?

అమెరికా కాలేజీ క్రీడల్లో జరిగింది దీని పక్కన పెట్టి చూస్తే అసలు సూత్రం తెలుస్తుంది. 1972లో విద్యాసంస్థల్లో లింగవివక్ష కూడదన్న చట్టం (టైటిల్ నైన్) వచ్చేనాటికి ఆడపిల్లల జట్లలో నూటికి 90కి పైగా స్త్రీలే కోచ్‌లు. జీతాలు నామమాత్రం, కొన్నిచోట్ల అసలు లేవు. చట్టం వచ్చాక డబ్బు వచ్చింది, పదవికి గౌరవం వచ్చింది. కొన్ని దశాబ్దాల్లో స్త్రీ కోచ్‌ల వాటా సగం కంటే కిందికి పడిపోయింది. జీతం లేనంత కాలం అది ఆడవాళ్ళ పని. జీతం రాగానే అందరి పని. వంట, కుట్టుపని, మంత్రసానితనం, ఏది తీసుకున్నా మనకు తెలిసిన కథే.

మన జిల్లాల్లో ఈ కథకు అడుగు మెట్టు కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో కనిపిస్తుంది. తల్లిదండ్రులు లేని, బడి మానేసిన, పేద, దళిత, వెనకబడిన కులాల ఆడపిల్లలకు ఆటలు నేర్పే వ్యాయామ టీచర్లు అక్కడ స్త్రీలే. కాంట్రాక్టు మీద పనిచేస్తారు. పిల్ల చేతికి మొదటిసారి బంతి ఇచ్చేది, నెలసరి రోజుల్లో ఎట్లా ఆడాలో చెప్పేది, ‘ఆటలెందుకమ్మా పెండ్లి చేస్తాము’ అని వచ్చిన తల్లిదండ్రులతో మాట్లాడి పంపేది వాళ్ళు. ఆ పిల్ల ఎదిగి ఒకనాడు పాటలోకి వస్తే ధర ఆమెకు దక్కుతుంది, పేరు అకాడమీకి దక్కుతుంది, కోచ్ పదవి మరొకరికి దక్కుతుంది. ఈ టీచరమ్మ మాత్రం రెన్యువల్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఆటగాళ్ళు తామే కోచ్‌ను మార్చుకుంటే ఏమవుతుందో కూడా మన తెలుగునేల చూసింది. 2014లో సైనా నెహ్వాల్ గోపీచంద్ అకాడమీ వదిలి బెంగుళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్ళింది. 2017లో తిరిగొచ్చింది. ఆ మూడేళ్ళూ ఆమె గెలుపు ఓటములకంటే ‘గురువును కాదని వెళ్ళింది’ అన్న చర్చే మనకు ఎక్కువ రుచించింది. సింధు 2023లో పార్క్ తే సాంగ్‌తో విడిపోయాక ఎంతమంది కోచ్‌లను మార్చిందో లెక్కపెట్టి వెక్కిరించేవాళ్ళకు కొదవ లేదు. బోర్డు ఇరవై నెలల్లో నలుగురిని మారిస్తే పరిపాలన. ఆడమనిషి తన ఆట కోసం తానే మారిస్తే నిలకడలేనితనం, కృతఘ్నత. గురువు అనే మాటకు మన భాషలో స్త్రీలింగం లేదు, ఆ మాటను ప్రశ్నించే శిష్యురాలికి క్షమాపణ లేదు.

2018 నవంబరులో మిథాలీ రాజ్ ఉదంతం ఇంకా జటిలమైనది. టి-20 ప్రపంచ కప్పు సెమీఫైనల్లో ఆమెను పక్కన కూచోబెట్టారు. కోచ్ పొవార్ తనను అవమానించాడని ఆమె బోర్డుకు ఉత్తరం రాసింది. అతను తిరుగు ఆరోపణలు చేశాడు. హర్మన్‌ప్రీత్, స్మృతి మాత్రం పొవార్‌నే కొనసాగించాలని ఉత్తరాలు రాశారు. పత్రికలకు ఇది ‘ఆడవాళ్ళ గొడవ’గా దొరికింది. ఇద్దరు మగ ఆటగాళ్ళు కోచ్ విషయంలో విభేదిస్తే దాన్ని అభిప్రాయభేదం అంటారు. స్త్రీలంతా ఒకే మాట మీద ఉండాలని ఏ స్త్రీవాదమూ అనదు. హర్మన్‌కు నచ్చిన కోచ్ మిథాలీకి నచ్చకపోవచ్చు. బాధ ఏమిటంటే ఆ భేదాన్ని మాట్లాడుకోవడానికి వాళ్ళకు ఒక గది లేదు, ఒక సంఘం లేదు. ఉన్నదల్లా పైవాళ్ళకు రాసుకునే అర్జీలు. అర్జీలు పత్రికలకు చేరాయి, నిర్ణయం మాత్రం వాళ్ళ చేతికి రాలేదు.

2025 అక్టోబరులో విశాఖ స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు విజయవాడ వికెట్ కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. మంచి పని. ఆటో నడిపే తండ్రి కూతురు పేరు మీదుగా వేలమంది లోపలికి నడిచి వెళ్ళడం చిన్న విషయం కాదు. పేరు గేటు దాకా వచ్చింది. నిర్ణయాలు చేసే గది తలుపు ఇంకా ముందుంది. 2023 నుంచి ఈ లీగు వేలం నడుపుతున్నది కూడా మల్లికా సాగర్ అనే స్త్రీయే. సుత్తి ఆమె చేతిలో ఉంది కానీ ధర పాడే బల్లల దగ్గర సంచి తాళాలు వేరేవాళ్ళవి.

తిరుపతిలో 1983లో స్త్రీల కోసం విశ్వవిద్యాలయం పెట్టినప్పటి నుంచీ మనం తరగతి గదుల్లో ఒక ప్రశ్నను రకరకాలుగా అడుగుతూ వచ్చాం. స్త్రీల కోసం పెట్టిన సంస్థ స్త్రీల సంస్థ ఎప్పుడవుతుంది? చదువుకునేది వాళ్ళయితే సరిపోతుందా, నడిపేది కూడా వాళ్ళవాలా? లీగు ఆ ప్రశ్నను ఇప్పుడు మైదానంలోకి తెచ్చింది. సాహిత్యంలో మనం దేహం గురించి, ఇంటిచాకిరి గురించి చాలా రాశాం. ఆడుతూ సంపాదించే దేహం గురించి, పాటలో పలికే దేహం గురించి రాసింది తక్కువ. క్రీడాపుట మగవాళ్ళు చదివే పుట అని తిప్పేసే అలవాటు మనకుంది. ఆ పుటలో మన పిల్లల గురించి మనకు తెలియకుండానే ఒక భాష తయారవుతోంది.

కావలసినవి పెద్ద పెద్ద మాటలేమీ కావు. ఇప్పుడు ఆడుతున్న స్త్రీలకు, వేలంలో మిగిలిపోయినవాళ్ళతో సహా, సభ్యత్వం ఉండే ఒక సంఘం. ఇన్ని సీజన్లు ఆడాక తన జట్టును తానే ఎంచుకునే హక్కు. గర్భవతి అయితే చోటూ జీతమూ పోవన్న రాతపూర్వక నియమం. ప్రధాన కోచ్ ఎంపికలో అనుభవమున్న భారతీయ స్త్రీలను పిలిచి మాట్లాడాలన్న షరతు. అన్నిటికంటే ముందు, కస్తూర్బా బడిలో బంతి ఇచ్చే టీచరమ్మకు ఉద్యోగ భద్రత. ఇవి వచ్చినప్పుడు క్రీడాపుటలో వాక్యాలు వాటంతటవే మారతాయి. ‘శ్రీచరణి ఫలానా జట్టును ఎంచుకుంది’ అని రాయడానికి తెలుగులో వ్యాకరణం అడ్డురాదు. ఆ వాక్యం నిజం కావడానికి అడ్డున్నవి ఏమిటో మనం రాయాలి.